తేదీ చెప్పండి: సీమ విశ్వవిద్యాలయాల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతులకు, రిజిస్ట్రార్లకు, పరీక్షల నియంత్రణాధికారులకు నమస్కారాలు.

నేను కడపలో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెబుతాను. ఏ ఒక్క విశ్వవిద్యాలయాన్నో, ఏ ఒక్క అధికారినో వేలెత్తి చూపడానికి ఈ లేఖ రాయడం లేదు. కర్నూలులో, అనంతపురంలో నాలాగే పాఠాలు చెప్పే మిత్రులున్నారు. వేసవిలో ఎప్పుడు ఫోన్‌లో మాట్లాడుకున్నా అందరి నోటా ఒకే మాట: మా పిల్లకు బయట సీటొచ్చింది, ఇక్కడ మార్కుల మెమో రాలేదు.

అంతర్జాతీయ సంబంధాల్లో పీజీ చేయాలని దేశంలోనూ బయటా దరఖాస్తులు పెట్టుకున్న మా విద్యార్థులు కొందరు ఈ రోజుల్లో సరిగా నిద్రపోవడం లేదు. ఈ చదువులో ఎదురుచూపు తప్పదు. అక్కడి కమిటీలు దరఖాస్తులు చదవాలి, వడపోసుకోవాలి, స్కాలర్‌షిప్ డబ్బు ఎందరికి సరిపోతుందో చూసుకోవాలి. ఆ ఆలస్యం విషయంలో మనం చేయగలిగిందేమీ లేదు. కానీ మా పిల్లలు పడుతున్న ఎదురుచూపులో సగం మన దగ్గరే పుడుతోంది. ఆ సగం గురించి మీతో మాట్లాడాలనే ఈ ఉత్తరం.

ముందుగా ఒక సంగతి. సీమ పిల్లలకు ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఎందుకమ్మా, బీఈడీయో బ్యాంకు కోచింగో చేసుకుంటే పోలేదా అని మా స్టాఫ్ రూముల్లోనే అంటుంటారు. నేను ఒప్పుకోను. మన ప్రాంతం చరిత్ర మలుపు తిరిగిందే ఒక ఒప్పందంతో. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న సంధి వల్ల కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలూ కర్నూలులో కొంత భాగమూ కంపెనీ చేతికి వెళ్లి దత్తమండలాలయ్యాయి. ఇక్కడ బతికేవాళ్లను ఒక్కమాట అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు పెనుకొండ దగ్గర కొరియా కంపెనీ కియా కార్లు తయారవుతున్నాయి. రాయచోటి, రాజంపేట, బద్వేలు వైపు ఏ ఊరికి పోయినా కువైట్‌లో మనిషి లేని వీధి అరుదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకున్నప్పుడు సుమారు లక్షా డెబ్బై వేల మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చుకున్నాం. ఆ విమానాల్లో మన జిల్లావాళ్లూ ఉన్నారు. దేశాల మధ్య మాట కుదరడమూ చెడడమూ ఇక్కడ ఇంట్లో పొయ్యి వెలగడానికి సంబంధించిన విషయం. అలాంటి చోట పుట్టిన పిల్లలు ఆ చదువు చదవాలనుకోవడంలో వింతేముంది?

ఒక అమ్మాయి గురించి చెబుతాను. పేరు రాయను. రాయచోటి వైపు పల్లె నుంచి మా కాలేజీకి వచ్చింది. తను బడిలో ఉన్నప్పుడే వాళ్లమ్మ ఇంటిపనికి కువైట్ పోయింది. నాన్న చెనక్కాయ, మామిడి చూసుకుంటాడు. పెంచింది జేజి, అంటే అవ్వ. సొంత పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి అన్న ప్రశ్న ఆ పిల్లకు పుస్తకం చదివితే పుట్టింది కాదు.

పీజీ దరఖాస్తులతో పాటు ఇవ్వాల్సిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ఆ అమ్మాయి దాని గురించే రాసింది. 2018 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కువైట్‌కు కొత్తగా పనివాళ్లను పంపడం ఆపేసింది. ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషిని చంపి దాచిన సంగతి అప్పుడే బయటపడింది. అదే ఏడాది మే నెలకల్లా రెండు దేశాలూ ఇంటిపనివాళ్ల రక్షణ కోసం ఒప్పందం మీద సంతకాలు చేశాయి. పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, ఫోన్ లాక్కోకూడదు వంటివి అందులో ఉన్నాయి. మన దేశం కువైట్‌తో ఇంటిపనివాళ్ల గురించి అవగాహన పత్రం చేసుకున్నది 2021 జూన్‌లో. ఇంటిపనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ నంబరు ఒడంబడికను ఆమోదిస్తే, ఫిలిప్పీన్స్ మరుసటి ఏడాదే దాన్ని అంగీకరించింది. మనం ఇంకా అంగీకరించలేదు. ఎందుకు? మనవాళ్ల సంఖ్య తక్కువా, అవసరం తక్కువా, బేరమాడే శక్తి తక్కువా? ఆ అమ్మాయి వెయ్యి మాటల్లో అడిగింది ఇదే. మూడేళ్ల డిగ్రీలో మేము చెప్పిన పాఠాలకు ఇంతకంటే మంచి జవాబు పత్రం నేను చూడలేదు.

దరఖాస్తులు ఎలా సాగుతాయో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అయినా కొంచెం చెప్పాలి, ఎందుకంటే తేదీల చిక్కంతా అక్కడే ఉంది. అమెరికాలో ఈ కోర్సులకు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో గడువు ముగుస్తుంది, మార్చిలో జవాబులొస్తాయి. బ్రిటన్‌లో చాలాచోట్ల దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్టు చూస్తారు. మన ఢిల్లీలో జేఎన్‌యూకు వెళ్లాలంటే 2022 నుంచి సీయూఈటీ-పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష మార్చి ప్రాంతంలో జరుగుతుంది, స్కోరు తర్వాత వస్తుంది, సీట్ల జాబితాలు జూన్, జులై దాకా సాగుతాయి. అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు కలిసి ఒక తేదీకి కట్టుబడ్డాయి: ఆర్థిక సాయంతో సీటిచ్చిన విద్యార్థిని ఏప్రిల్ 15 కంటే ముందు జవాబు చెప్పమని ఒత్తిడి పెట్టకూడదని. అది విద్యార్థి కోసం పెట్టుకున్న ఏర్పాటు. అన్ని జవాబులూ చేతికొచ్చాక పక్కపక్కన పెట్టుకుని చూసుకునే వీలు కోసం. ఒకరు వద్దనుకున్న సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకొకరికి పోతుంది. ఒకరి జవాబు ఆలస్యమైతే ఎక్కడో మరొకరి నిద్ర కూడా పోతుంది.

మార్చి నెలంతా ఆ అమ్మాయి ఫోన్ చేతిలోంచి దించలేదు. అక్కడ ఆఫీసు వేళ అయ్యేసరికి మనకు రాత్రవుతుంది కాబట్టి మెయిళ్లన్నీ అర్ధరాత్రి పూటే వస్తాయి. పొద్దున్నే క్లాసుకు వచ్చేది, కళ్ల కింద నలుపు. వాళ్లమ్మ పని ముగించుకుని ఇమో యాప్‌లో కాల్ చేసి మొదట అడిగే మాట "వచ్చిందా పాపా?" అనే. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆమె పని అయ్యేసరికి ఇక్కడ ఊరంతా పడుకుని ఉంటుంది. పక్కింటివాళ్లు జేజిని అడుగుతారు, "ఏమ్మా, మీ పిల్లకి ఇంగా రాలేదా?" అని. ఏం రావాలో జేజికి తెలియదు. రావాల్సింది రాలేదని మాత్రం తెలుసు.

తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. అమెరికాలోని స్కూలు లేదంది. ఆ పిల్ల ఏడ్చింది, మర్నాడు లేచింది. లండన్ నుంచి ఏడాది కోర్సుకు సీటొచ్చింది, ఒక షరతుతో: డిగ్రీ చివరి మార్కులు వాళ్లు చెప్పినంత ఉండాలి, ఆ మార్కుల అధికారిక పత్రం వాళ్లు చెప్పిన తేదీలోపు చేరాలి. జెనీవా నుంచి సీటొచ్చింది కానీ ఆర్థిక సాయం వెయిటింగ్‌లో ఉంది. ఆ ఊరంటే తనకు ఎందుకు ఇష్టమో చెప్పక్కర్లేదు, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉన్నది అక్కడే. సీయూఈటీ స్కోరు బాగానే వచ్చింది. జాబితా రావాలి.

మీరు ఈ పిల్లల స్థానంలో ఒక్క క్షణం కూర్చుని చూడండి. సీటొచ్చిందంటే పండగ అనుకుంటాం. నిజానికి కష్టమైన పని అప్పుడే మొదలవుతుంది. ఆ అమ్మాయి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో పేజీకి నిలువుగా గీతలు కొట్టుకుని నా దగ్గరికి తెచ్చింది. ఒక్కో ఊరికి ఒక గడి. ఫీజు, హాస్టలు, ఎన్నేళ్లు, చెప్పేది ఎవరు, పూర్తయ్యాక అక్కడ పని చేసుకునే వీలు ఎంత, అప్పు ఎంత, అప్పు తీరేది ఎప్పుడు. కొన్ని గడుల్లో అంకెలు, కొన్నిట్లో ప్రశ్నార్థకాలు.

మా వీధుల్లో ఎంఎస్‌కు పోయిన పిల్లల లెక్క వేరు. అమెరికాలో చదువయ్యాక పని చేసుకునేందుకు ఇచ్చే ఓపీటీ 12 నెలలు. సైన్స్, టెక్నాలజీ కోర్సులవాళ్లకు దాని మీద ఇంకో 24 నెలలు పొడిగింపు ఉంటుంది. ఇంటర్నేషనల్ రిలేషన్స్ కోర్సుల్లో చాలావాటికి ఆ పొడిగింపు లేదు. బ్రిటన్‌లో పీజీ తర్వాత ఇప్పటిదాకా రెండేళ్లున్న గ్రాడ్యుయేట్ వీసా, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలకు తగ్గుతుంది. లండన్‌లో ఫీజు, ఉండే ఖర్చు కలిపితే ఏడాదికి నలభై లక్షలు దాటుతుంది. వీసా ఫీజు కాక ఆరోగ్య సర్‌చార్జి కిందనే ఏడాదికి 776 పౌండ్లు కట్టాలి. చదువు పూర్తయిన రోజున జీతం సిద్ధంగా ఉండే చదువు కాదిది. ఐక్యరాజ్యసమితి సంస్థల్లోనో, పరిశోధన సంస్థల్లోనో నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది. వాళ్ల నాన్న ఇది కలెక్టరు చదువనుకున్నాడు. విదేశాంగ సర్వీసు ఐఎఫ్ఎస్‌కు కూడా యూపీఎస్‌సీ పరీక్షే రాయాలి, దానికి ఏదైనా డిగ్రీ చాలు, ఈ పీజీ అక్కర్లేదు అని నేనే ఆయనకు ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇది దేనికి మేడం?" అన్నాడు. కువైట్‌లో వాళ్లమ్మ లాంటివాళ్ల గురించి మాట్లాడే చోట కూర్చోవడానికి అని చెప్పాను. "ఐతే చదవనీండి" అన్నాడు.

నా అభిప్రాయం దాచుకోను. జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లో విడిగా మొదలై 1970లో ఆ విశ్వవిద్యాలయంలో కలిసింది. పశ్చిమాసియా గురించి మన దేశం వైపు నుంచి చదవడానికి మనకున్న పాత చోట్లలో అదొకటి. ట్యూషన్ ఫీజు ఏడాదికి వందల రూపాయల్లోనే. సీటొస్తే అటు పొమ్మని ఆ అమ్మాయికి చెప్పాను. విదేశం రాకపోతే ఢిల్లీ అని దాన్ని రెండో వరసలో పెట్టడం నాకు నచ్చదు. తలకు మించిన అప్పుతో వచ్చే డిగ్రీ మనిషికి నచ్చిన పని ఎంచుకోనివ్వదు, ముందు దొరికిన జీతానికి కట్టేస్తుంది. ఆ పిల్ల మాత్రం జెనీవా వైపే మొగ్గుతోంది. సాయం అందితే తనదే సరైన దారి అని నేనూ ఒప్పుకుంటాను. చదవబోయేది తను. కానీ తూచుకోవాలంటే తూకం రాళ్లు చేతిలో ఉండాలి కదా. అందులో ముఖ్యమైనది మీ దగ్గర ఉంది.

ఎలాగో చెబుతాను. షరతుతో ఇచ్చిన సీటు ఖాయం కావాలంటే చివరి సెమిస్టర్ మార్కులు కావాలి. సీటు ఖాయమైతేనే బ్రిటన్ విశ్వవిద్యాలయం వీసాకు అవసరమైన క్యాస్ నంబరు ఇస్తుంది. దానికి ముందు డిపాజిట్ కట్టాలి. డిపాజిట్ కట్టాలంటే బ్యాంకు కదలాలి. షరతు తీరని సీటు చూసి బ్యాంకు లోను మంజూరు చేయడానికి వెనకాడుతుంది. క్యాస్, డబ్బు రుజువు రెండూ ఉంటేనే వీసా దరఖాస్తు, వేలిముద్రలకు హైదరాబాద్ ప్రయాణం. ఈ గొలుసు మొత్తానికి మొదటి కొక్కెం ఆరో సెమిస్టర్ మెమో. అది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు.

బ్యాంకు గురించి ఇక్కడొక మాట. ఏడున్నర లక్షలు దాటితే మామూలు విద్యారుణానికి ఆస్తి తాకట్టు అడుగుతారు. మన పల్లెల్లో ఆస్తి అంటే పొలం. వ్యవసాయ భూమిని తాకట్టుగా తీసుకోవడానికి బ్యాంకులు ఇష్టపడవు, ఎందుకంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది. అప్పు ఎగ్గొడితే ఆ చట్టం కింద భూమిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకు ఉండదు. రైతును కాపాడటానికి పెట్టిన ఆ నియమం మంచిదే. కానీ రైతు కూతురు లోనుకు పోయినప్పుడు అదే అడ్డం నిలుస్తోంది. ఇల్లు పెడదామంటే అది గ్రామకంఠం, దస్తావేజు లేదు. ఎవరో బంధువు కడప టౌన్‌లోని ప్లాటు కాగితాలు పెడతానని ఒప్పుకున్నాడు, అది కూడా సీటు ఖాయమైన లెటర్ చూపిస్తేనే. ఆయన్ను నేను తప్పుపట్టను. ఎవరైనా అలాగే అడుగుతారు. మళ్లీ మెమో దగ్గరికే వచ్చి ఆగాం.

మెమో వచ్చినంత మాత్రాన కూడా అయిపోదు. విదేశీ విశ్వవిద్యాలయాలు విద్యార్థి చేతి మీదుగా వచ్చిన కాగితాన్ని తుది పత్రంగా ఒప్పుకోకపోవచ్చు. పరీక్షల విభాగం నుంచి సీలు వేసిన కవరో, అధికారిక మెయిలో నేరుగా రావాలంటారు. దానికి ట్రాన్స్‌క్రిప్ట్ దరఖాస్తు వేరు, చలానా వేరు, ప్రిన్సిపాల్ సంతకం వేరు. సీజీపీఏను పర్సంటేజీలోకి ఎలా మార్చాలో చెప్పే పత్రం ఇంకొకటి, ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు ధ్రువీకరణ మరొకటి, ప్రొవిజనల్, మైగ్రేషన్ సర్టిఫికెట్లు ఇంకా వేరు. మొన్నామధ్య ఇలాంటి పనికే ఇంకో విద్యార్థికి తోడుగా నేనూ ఒక పరీక్షల విభాగానికి వెళ్లాను. కిటికీ ముందు పెద్ద వరస. ఒక తండ్రి కంబదూరు నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చానన్నాడు. సంతకం పెట్టాల్సిన అధికారి క్యాంపుకు పోయారు, ఎప్పుడొస్తారో లోపలివాళ్లకూ తెలియదు. కిటికీ లోపలున్న గుమస్తా మర్యాదగానే మాట్లాడాడు. "నేనేం చేసేది సార్, రేపు వచ్చి చూడండి" అన్నాడు. ఆ తండ్రి అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "రేపొస్తే అయితాదా, లేకుంటే ఏ రోజు రమ్మంటే ఆ రోజే వస్తా, అది చెప్పు నాయనా."

అంతే. ఆయన అడిగిందే నేనూ అడుగుతున్నాను.

అధ్యాపకుల సంగతి కూడా చెప్పాలి. సిఫారసు లేఖలు మేమే రాస్తాం. విదేశీ పోర్టళ్లు రిఫరీకి సంస్థ ఇచ్చిన ఈమెయిల్ ఉందా అని అడుగుతాయి. మా డిగ్రీ కాలేజీల్లో ఎక్కువమందికి జీమెయిల్ తప్ప వేరేది లేదు. జీమెయిల్ నుంచి వచ్చిన లేఖను కొన్ని చోట్ల అనుమానంగా చూస్తారు, నువ్వు నిజంగా అధ్యాపకురాలివేనా అని రుజువులడుగుతారు. ఒక పిల్లవాడి కోసం నేను పంపిన లేఖకు అలాంటి ప్రశ్న వస్తే ఐడీ కార్డు, ప్రిన్సిపాల్ లెటర్ స్కాన్ చేసి పంపాను. ఈలోపు ఆ పిల్లవాడి దరఖాస్తు అసంపూర్తి అని చూపిస్తూనే ఉంది. అనుబంధ కాలేజీల్లోని అధ్యాపకులందరికీ విశ్వవిద్యాలయం పేరుతో ఒక మెయిల్ చిరునామా ఇవ్వడం ఇవాళ్టి రోజుల్లో పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

మీ వైపు ఇబ్బందులు నాకు తెలియనివి కావు. స్పాట్ వాల్యుయేషన్‌కు ప్రతి వేసవిలో నేనూ వస్తాను. ఫ్యాన్లు సరిగా తిరగని హాళ్లలో బండిళ్ల మీద బండిళ్లు దిద్దుతాం. రెగ్యులర్ సిబ్బంది లేరు, ఖాళీలు ఏళ్ల తరబడి నిండలేదు, అనుబంధ కాలేజీలు చూస్తే అన్ని మూలలా ఉన్నాయి. ఇంటర్నల్ మార్కులు కాలేజీలు ఆలస్యంగా పంపితే ఫలితమంతా ఆగుతుంది, అందులో మా కాలేజీల పాత్ర కూడా ఉంది. అందుకే త్వరగా ఇవ్వండి అని నేను గొడవ చేయడం లేదు. జులై 20న ఇవ్వగలిగితే జులై 20 అని మార్చిలోనే చెప్పండి. ఆ తేదీ పట్టుకుని మా పిల్లలు లండన్‌కు రాసుకుంటారు, గడువు పొడిగించమని అడుగుతారు. నిర్దిష్టమైన తేదీతో, పరీక్షల విభాగం లెటర్‌హెడ్ మీద అడిగితే చాలా విశ్వవిద్యాలయాలు వింటాయి. "ఫలితాలు త్వరలో" అని రాసిన లెటర్‌ను మాత్రం ఎవరూ లెక్కచేయరు.

మరి ఏం చేయమంటారు అని మీరు అడగొచ్చు. చివరి సెమిస్టర్ మొదలయ్యే రోజునే ఫలితాల తేదీ ప్రకటించి, తప్పిపోతే ఎందుకు తప్పిందో, కొత్త తేదీ ఏమిటో వెబ్‌సైట్‌లో పెట్టండి. బయట సీటు చేతిలో ఉన్న విద్యార్థుల కోసం ప్రతి పరీక్షల విభాగంలో ఒక మనిషిని, ఒక ఫోన్ నంబరును, ఒక అధికారిక మెయిల్‌ను కేటాయించండి. ట్రాన్స్‌క్రిప్ట్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో తీసుకుని, ఇన్ని పని దినాల్లో నేరుగా అక్కడికి పంపుతామని రాతపూర్వకంగా చెప్పండి. ఫలితాలొచ్చిన రోజే మార్కుల జాబితాలు డిజిలాకర్‌లో కనిపించేలా చూడండి, అందులోని పత్రాలు చెల్లుతాయని యూజీసీయే చెప్పింది. సీజీపీఏ మార్పిడి పట్టికను ప్రతి మెమో వెనక అచ్చువేస్తే ఒక ప్రయాణం తప్పుతుంది. పట్టాల విషయంలో 2008 నాటి యూజీసీ నిబంధనల్లోనే ఉంది, విద్యార్థి అర్హత పొందాల్సిన తేదీ నుంచి 180 రోజుల్లోపు డిగ్రీ ప్రదానం జరగాలని. స్నాతకోత్సవానికి గవర్నరు గారి తీరిక కుదిరేదాకా పిల్లల పట్టాలు ఆపకండి.

వీటిలో ఒక్కటే చేయగలిగితే మొదటిది చేయండి. తేదీ.

ఇది విదేశాలకు పోయే కొద్దిమంది కోసం అడుగుతున్న సౌకర్యం అని కొందరు అంటారు. జేఎన్‌యూకు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి, పాండిచ్చేరికి, జాదవ్‌పూర్‌కు పోయే పిల్లలకూ ఇదే మెమో కావాలి. చాలాచోట్ల ఫలితాలు రానివాళ్లను తాత్కాలికంగా చేర్చుకుని, ఒక గడువులోపు మార్కులు చూపమంటారు. ఆ గడువు దగ్గరపడ్డప్పుడు హాస్టల్లో ఉండి ఇక్కడికి ఫోన్లు చేసే పిల్లల మాటలు వింటే మీకూ కడుపులో తిప్పుతుంది. బీఈడీకి, పోటీ పరీక్షలకు పోయేవాళ్లకూ అంతే. సీటు పోయిన పిల్ల రోడ్డెక్కి ధర్నా చేయదు. ఇంట్లో కూర్చుని తనకు అదృష్టం లేదనుకుంటుంది. అందుకే మీ దాకా ఈ లెక్క రాదు.

సీమకు విశ్వవిద్యాలయం కోసం మన పెద్దవాళ్లు ఎంతకాలం ఎదురుచూశారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 1937 నవంబరులో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడే ఆంధ్ర విశ్వవిద్యాలయం కేంద్రాల్లో ఒకటి అనంతపురంలో ఉండాలని ఒప్పుకున్నారు. ఆ ఊరికి పీజీ కేంద్రం వచ్చింది 1968లో, అదీ తిరుపతి విశ్వవిద్యాలయం కింద. సొంత విశ్వవిద్యాలయం 1981లో. కడపకు 2006లో, కర్నూలుకు 2008లో. అన్నేళ్ల పోరాటంతో వచ్చిన సంస్థలివి. నేను వీటిలోనే చదువుకున్నాను, వీటి పిల్లలకే పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. మా విశ్వవిద్యాలయం మెయిల్ చూడగానే జెనీవాలో ఉన్న అడ్మిషన్ల అధికారి ఇంకో ప్రశ్న వేయకుండా ఫైలు ముందుకు జరిపే రోజు రావాలని నాకు ఆశ.

ఈ ఉత్తరం రాస్తున్నానని తెలిసి ఒకరిద్దరు శ్రేయోభిలాషులు నాతో అన్నారు: "మేడం, ఇంత రాద్ధాంతమెందుకు, ఆ అమ్మాయి హాల్‌టికెట్ నంబరు ఇవ్వండి, లోపల మనవాళ్లున్నారు, ముందు తీయించి ఇస్తాం." మంచి మనసుతోనే అన్నారు. నేను ఇవ్వలేదు. ఇవ్వనని ఆ అమ్మాయికీ చెప్పాను. తను కాసేపు తలదించుకుని, "సరే మేడం, అందరితో పాటే రానీండి, ఎప్పుడొస్తాదో మాత్రం కనుక్కోండి" అంది. కనుక్కోవడానికి ఎక్కడికి పోవాలో తెలియక మీకు రాస్తున్నాను.

లండన్‌వాళ్లకు మార్కుల పత్రం చేరాల్సిన గడువు దగ్గరపడుతోంది. ఆరో సెమిస్టర్ ఫలితాలు ఏ తారీఖున ఇస్తారో ఈ వారంలో ప్రకటన ఇవ్వండి. తారీఖు కాస్త దూరంగా ఉన్నా పరవాలేదు, గడువు పొడిగించమని అడుగుతూ లెటర్ మేము తయారుచేసి పెట్టుకున్నాం. అందులో తేదీ రాయాల్సిన చోటు ఒక్కటే ఖాళీగా ఉంది.

ఇట్లు,
కడపలో డిగ్రీ విద్యార్థులకు పొలిటికల్ సైన్స్ చెప్పే ఒక అధ్యాపకురాలు